ఒంటి వేడి 37 దగ్గరే ఎలా నిలుస్తుంది, ఎప్పుడు అదుపు తప్పుతుంది

ఒంటి వేడి గురించి తలెత్తే ప్రశ్నలు మూడు. బయట 10 డిగ్రీల సెల్సియస్ ఉన్నా 40 ఉన్నా ఒళ్లు 37 దగ్గరే ఎలా ఉంటుంది? జ్వరంలో ఒళ్లు కాలిపోతుంటే చలి ఎందుకు వేస్తుంది? ఒళ్లంతా చెమటతో తడిసి ఉన్న మనిషికి వడదెబ్బ ఎలా తగులుతుంది? మూడింటికీ మూలం ఒకటే: చర్మం వేడి, లోపలి వేడి ఒకటి కావు. మనకు తెలిసేది ఎక్కువగా చర్మం సంగతి. ప్రాణం నిలబడేది లోపలి వేడి మీద. ఈ తేడా పట్టుబడితే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది, ఆపదలో ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

ముందు ఆ 37 సంగతి. జర్మన్ వైద్యుడు కార్ల్ వుండర్లిష్ వేలాది మంది రోగుల చంకల్లో థర్మామీటరు పెట్టి తీసిన కొలతలతో 1868లో ప్రకటించిన సగటు అది. మెరుగైన థర్మామీటర్లతో ఆరోగ్యవంతుల నోట్లో కొలిచి 1992లో వెలువరించిన పరిశీలనలో సగటు 36.8 అని తేలింది. అసలు ఒకే అంకె ఉండదు. తెల్లవారుజామున 4, 5 గంటల వేళ ఒంటి వేడి అన్నిటికన్నా తక్కువ, సాయంత్రం 4 నుంచి 6 మధ్య అన్నిటికన్నా ఎక్కువ. రెంటికీ మధ్య అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా తేడా ఉంటుంది. స్త్రీలలో అండం విడుదలయ్యాక మళ్లీ నెలసరి వచ్చేదాకా ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ప్రభావంతో 0.3 నుంచి 0.5 డిగ్రీ పెరిగి ఉంటుంది. కాబట్టి సాయంత్రం 37.2 చూసి కంగారు పడనక్కర్లేదు. అదే అంకె తెల్లవారుజామున కనిపిస్తే మాత్రం కాస్త గమనించాలి.

ఇంత నిలకడ ఒళ్లంతటికీ ఉండదు. మెదడు, గుండె, కాలేయం, మూత్రపిండాలు ఉన్న లోపలి భాగానికే ఈ కాపలా అంతా. చర్మం మామూలు గదిలో సగటున 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. చలిలో వేలి కొసలు 20 కన్నా కిందికి పోయినా లోపల 37 చెక్కుచెదరకపోవచ్చు. కాళ్లూ చేతులూ చల్లబడటం శరీరం ఓడిపోతున్న గుర్తు కాదు, లోపలి వేడిని కాపాడుకోవడానికి అది కావాలని చేస్తున్న పని.

ఇప్పుడు వేడి లెక్క. 70 కిలోల మనిషి ఊరికే కూర్చున్నా సుమారు 80 వాట్ల వేడి పుడుతూనే ఉంటుంది. ఆ ఒంటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 245 కిలోజౌళ్లు చాలు. అంటే పుట్టిన వేడి ఏమాత్రం బయటికి పోకపోతే, కదలకుండా కూర్చున్న మనిషికే గంట లోపు ఒక డిగ్రీ పెరిగిపోతుంది. కండరాలు తాము ఖర్చుచేసే శక్తిలో 20 నుంచి 25 శాతాన్నే పనిగా మారుస్తాయి, మిగతాదంతా వేడే. గట్టిగా పరిగెత్తేవాడికి, సైకిలు తొక్కేవాడికి 750 వాట్ల వేడి పుట్టడం మామూలే. దానికి దారి మూసుకుపోతే ఐదారు నిమిషాలకో డిగ్రీ ఎక్కుతుంది. ఎండలో లేకపోయినా, చల్లటి రోజున కూడా, బరువైన దుస్తుల్లో విపరీతంగా శ్రమించినవాళ్లు వడదెబ్బకు గురికావడానికి కారణం ఇదే. వేడి బయటినుంచే రానక్కర్లేదు.

ఈ లెక్క చూసే గుమాస్తా మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్. అందులోనూ ముందు భాగంలోని ప్రీఆప్టిక్ ప్రాంతం. దానికి కబుర్లు రెండు వైపుల నుంచి వస్తాయి: చర్మంలోని నాడుల నుంచి, లోపల పారే రక్తం వేడి నుంచి. చర్మపు నాడుల కొసల్లో వేడికీ చలికీ తెరుచుకునే ప్రోటీన్ ద్వారాలున్నాయి. మిరపకాయ కారానికి తెరుచుకునే ద్వారమే దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికీ తెరుచుకుంటుంది. పుదీనాలోని మెంథాల్‌కు తెరుచుకునేది చల్లదనానికీ తెరుచుకుంటుంది. కారం మంటగా, మెంథాల్ చల్లగా అనిపించడం అందుకే. ఈ పరిశోధనకే డేవిడ్ జూలియస్, స్పర్శ ద్వారాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్ కలిసి 2021లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మెంథాల్ పూతల వల్ల చర్మానికి చల్లగా అనిపిస్తుంది తప్ప లోపలి వేడి తగ్గదని దీన్నిబట్టే గ్రహించవచ్చు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. చెమట, వణుకు, రక్తనాళాలు ముడుచుకోవడం వంటి అసంకల్పిత చర్యలను నిర్ణయించేటప్పుడు మెదడు చర్మం మాటకు ఇచ్చే విలువ సుమారు ఐదో వంతే. మిగతాదంతా లోపలి వేడికే. కానీ 'హాయిగా ఉంది, చలిగా ఉంది' అనే మన అనుభూతిలో చర్మానికి దాదాపు సగం వాటా. అందుకే మన అనుభూతి అంత సులువుగా మోసపోతుంది. ఫ్యాను గాలి తగలగానే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, లోపలి వేడి మాత్రం ఇసుమంతైనా తగ్గకపోవచ్చు.

ఈ కాపలా ఎంత కట్టుదిట్టమో చెప్పాలంటే, చెమట మొదలయ్యే గీతకూ చర్మపు రక్తనాళాలు ముడుచుకునే గీతకూ మధ్య దూరం 0.2 నుంచి 0.4 డిగ్రీ మాత్రమే. ఆ నడుమ ఉన్నంతసేపు శరీరం ఏమీ చేయదు. కిందికి జారితే ముందు నాళాలు ముడుచుకుంటాయి. ఇంకో డిగ్రీ దాకా జారితేగానీ వణుకు రాదు, ఎందుకంటే వణుకు ఖరీదైన పని. అన్నిటికన్నా బలమైన ఆయుధం మాత్రం మన నడవడికే: నీడకు జరగడం, దుప్పటి కప్పుకోవడం, పని ఆపడం. కదలలేని వృద్ధులకు, పసిపిల్లలకు, మత్తులో ఉన్నవాళ్లకు ఆ ఆయుధమే లేదు. ప్రమాదం మొదట వాళ్లకే రావడంలో ఆశ్చర్యం లేదు.

వేడిలో మొదటి పని రక్తాన్ని చర్మానికి మళ్లించడం. హాయిగా ఉన్నప్పుడు చర్మానికి నిమిషానికి పావు లీటరు చిల్లర రక్తం వెళ్తుంది. తీవ్రమైన వేడిలో అది 6 నుంచి 8 లీటర్ల దాకా పెరగగలదు. అరచేతులు, అరికాళ్లు, చెవులు, ముక్కు, పెదవుల్లో ధమనుల నుంచి సిరలకు అడ్డదారులున్నాయి. అవి తెరుచుకుంటే వేడి రక్తం సూటిగా చర్మం కిందికి వచ్చేస్తుంది. నిద్రపట్టే ముందు పాదాలు వెచ్చబడటం కూడా ఇదే: లోపలి వేడి అక్కడి నుంచి బయటపడి, ఒళ్లు కాస్త చల్లబడి, నిద్ర వస్తుంది. పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు చేసే వేడినీళ్ల స్నానం నిద్రకు సాయపడేది ఇందుకే. స్నానం ఒంట్లో వేడిని నిలపదు, చర్మపు నాళాలు తెరిచి లోపలి వేడిని బయటికి పంపిస్తుంది.

ఈ మళ్లింపు భారమంతా మోసేది గుండె. ఒకపక్క రక్తం చర్మంలోకి, కాళ్లలోకి చేరుతుంది, ఇంకోపక్క చెమటతో రక్తంలోని నీరు తగ్గుతుంది, అయినా గుండె రక్తపోటు పడిపోకుండా చూడాలి. వేడిలో చాలాసేపు నిలబడినవాళ్లు కళ్లు తిరిగి పడిపోవడానికి కారణం ఇదే. వాళ్లను పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తితే సాధారణంగా నిమిషాల్లో తేరుకుంటారు. గుండె జబ్బున్న పెద్దవాళ్లకు వడగాలుల రోజుల్లో ముప్పు వడదెబ్బగా కన్నా గుండె ఇబ్బందిగా రావడమే ఎక్కువ.

ఇక చెమట. బయటి గాలి చర్మం కన్నా చల్లగా ఉన్నంతవరకు ఒంటి వేడి ఎక్కువగా వికిరణం (తాకకుండానే సెగలా వెలువడటం) ద్వారా, గాలి కదలిక ద్వారా పోతుంది. బయట 35 దాటితే ఆ దారులు తిరగబడతాయి: వేడి బయటికి పోకపోగా లోపలికే వస్తుంది. అప్పుడు మిగిలే దారి ఒక్కటే, చెమట ఆవిరి కావడం. మనకు 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులున్నాయి. శ్రమించేవాళ్లకు గంటకు లీటరు, లీటరున్నర చెమట పట్టడం మామూలు. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 2,430 కిలోజౌళ్లను పట్టుకుపోతుంది. గంటలో లీటరు అంటే 675 వాట్లు. అదే లీటరు చల్లటి నీళ్లు, 5 డిగ్రీలవి, తాగితే ఒంట్లోంచి లాగేది 134 కిలోజౌళ్లే, అంటే అర డిగ్రీ చిల్లర. తాగే నీరు చల్లగా ఉండటం కన్నా చెమటకు సరుకు అందించడమే దాని అసలు పని.

'పూర్తిగా ఆవిరైతే' అన్న మాటలోనే కిటుకంతా ఉంది. ధారగా కారి నేలమీద పడిన చెమట చల్లబరచదు. తువ్వాలుతో తుడిచేసిన చెమటా చల్లబరచదు. నీరు పోయింది, ఉప్పు పోయింది, వేడి మాత్రం ఒంట్లోనే మిగిలింది. ఉక్కపోతలో జరిగేది అదే. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే తడిబల్బు ఉష్ణోగ్రత, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరుకు గాలి తగిలితే చూపే అంకె, 23 దగ్గర ఉంటుంది. 34 డిగ్రీలే ఉండి తేమ 85 శాతం ఉంటే తడిబల్బు 31 దాటుతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం. తడిబల్బు 35 దగ్గరికి వస్తే చెమట ఆవిరయ్యే వీలే ఉండదని సిద్ధాంతం. అయితే ఆరోగ్యవంతులైన యువకులను తేమ గదుల్లో తేలికపాటి పనులు చేయించి పరీక్షిస్తే, 31 దగ్గరే లోపలి వేడి అదుపు తప్పడం మొదలైంది. కాబట్టి 35 దాకా భయంలేదనుకోవడం తప్పు.

ఫ్యాను విషయంలోనూ ఇదే లెక్క. ఒళ్లు తడిగా ఉండి గాలి మరీ వేడిగా లేనప్పుడు ఫ్యాను మంచిది. 40 దాటిన పొడిగాలిని చెమట పెద్దగా పట్టని వృద్ధుల మీదికి తోస్తే అది పొయ్యి సెగే అవుతుంది. అటువంటప్పుడు ముందు చర్మాన్ని నీళ్లతో తడపండి, తర్వాత గాలి తగలనివ్వండి. గుడ్డ తడిపి ఒంటిమీద పరిస్తే గాలి ఆడేలా పలచగా ఉండాలి. మందపాటి తడి దుప్పటి కప్పితే ఆవిరి కిందనే ఆగిపోతుంది.

వేడిలో పనిచేయడం కొత్తయితే శరీరానికి 7 నుంచి 14 రోజులు ఇవ్వాలి. రోజూ కొంత కొంత సేపు పెంచుతూ పోతే రక్తంలోని నీటి పరిమాణం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. మొదటి రెండు మూడు రోజుల్లోనే పూర్తి పని అప్పగించడం నా దృష్టిలో క్షమించరాని తప్పు, ఎందుకంటే పనిచోట వడదెబ్బ ఎక్కువగా కొత్తవాళ్లకే తగులుతుంది. నీళ్ల విషయంలోనూ హద్దు ఉంది. గంటల తరబడి, చెమటగా పోయినదానికి మించి ఉత్తి నీళ్లు తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, అయోమయం, మూర్ఛ వస్తాయి. చూడ్డానికి వడదెబ్బలాగే ఉంటుంది. ఒంటి వేడి మామూలుగా ఉండి, పనికి ముందుకన్నా బరువు పెరిగి ఉంటే దీన్ని అనుమానించాలి. అప్పుడు ఇంకా నీళ్లు పట్టించడం ప్రాణాంతకం.

చలి వైపు శరీరానికున్న దారులు తక్కువే. నాళాలు ముడుచుకుంటాయి. చేతుల్లో కిందికి దిగే ధమని వేడిని దాని పక్కనే పైకి వచ్చే సిర రక్తం అందుకుని తిరిగి గుండెకే చేరుస్తుంది. రోమాలు నిక్కబొడుచుకోవడం బొచ్చున్న జంతువులకు పనికొస్తుంది, మనకు దాదాపు వృథా. వణుకు మాత్రం నిజమైన కొలిమి: వేడి పుట్టుకను రెండింతల నుంచి ఐదింతల దాకా పెంచగలదు, కానీ కండరాల్లోని నిల్వలు తరిగేదాకే. పుట్టిన పసికందుకు సరిగా వణకడం రాదు. మెడ, భుజాల మధ్య ఉన్న గోధుమరంగు కొవ్వు వణుకు లేకుండానే నేరుగా వేడి పుట్టిస్తుంది. అయినా బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ కాబట్టి ఆ చిన్న ఒళ్లు చాలా త్వరగా చల్లబడుతుంది. పుట్టగానే తుడిచి ఆరబెట్టి తల్లి ఎదకు ఆనించమనేది అందుకే. పిల్ల చేతులు చల్లగా ఉన్నాయని పొరల మీద పొరలు కప్పకండి. ఛాతీ మీదో, మెడ వెనకో చేయిపెట్టి చూడండి.

నీరు గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగుతుంది, కాబట్టి చలిలో తడిబట్టలు విప్పడమే మొదటి చికిత్స. సారాయి తాగితే వెచ్చగా అనిపించేది చర్మపు నాళాలు విచ్చుకుని లోపలి వేడి బయటికి పోతుండటం వల్ల. చర్మం సంతోషిస్తుంది, లోపలి వేడి పడిపోతుంది. తలలోంచే సగం వేడి పోతుందన్న మాట కూడా నిజం కాదు. చర్మం మొత్తంలో తల వాటా పదో వంతుకు మించదు, పోయే వేడీ సుమారు అంతే.

లోపలి వేడి 35 కన్నా కిందికి పడిపోతే దాన్ని అల్పోష్ణస్థితి అంటారు. 32 దాకా వణుకు గట్టిగా ఉంటుంది, మాట తడబడుతుంది, చేతులు మొద్దుబారతాయి. ఆ కిందికి పోతే వణుకు ఆగిపోతుంది. వణుకు ఆగింది కదా అని కుదుటపడ్డాడనుకోవద్దు, కొలిమి ఆరిపోయిందని అర్థం. కొందరు ఆ దశలో బట్టలు విప్పేస్తారు, ఎందుకంటే ముడుచుకున్న నాళాలు అలసి విచ్చుకోగానే చర్మానికి ఒక్కసారిగా వేడి తగులుతుంది. 28 దగ్గరపడితే గుండె ఎంత సున్నితమవుతుందంటే మొరటుగా కదిపినా లయ తప్పి ఆగిపోవచ్చు. అందుకే కాళ్లూ చేతులూ రుద్దకూడదు, నడిపించకూడదు. పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే మెల్లగా తరలించి, పొడిబట్టలు కప్పి, ఛాతీకి, చంకలకు వెచ్చదనం అందించాలి. వేడి సంచీని నేరుగా చర్మానికి తగిలించకండి, మొద్దుబారిన చర్మం కాలినా మనిషికి తెలియదు.

జ్వరం వీటన్నిటికీ భిన్నం. అక్కడ కాపలా తప్పలేదు, కాపలాదారే తాను నిలబెట్టాల్సిన వేడి గీతను పైకి జరిపాడు. సూక్ష్మజీవులతో పోరాడే కణాలు వదిలిన రసాయనాల వల్ల హైపోథాలమస్‌లో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థం పెరుగుతుంది, గీత 37 నుంచి 39కి మారుతుంది. ఒళ్లు ఇంకా 37.5లోనే ఉంటే మెదడు లెక్కలో అది చలే. చర్మపు నాళాలు ముడుచుకుంటాయి, వణుకు పుడుతుంది, దుప్పటి కావాలనిపిస్తుంది. 39 చేరాక చలి ఆగుతుంది. గీత తిరిగి దిగినప్పుడు ఒళ్లు వేడిగా ఉన్నట్టు తెలిసి ముచ్చెమటలు పోస్తాయి. కాబట్టి వణుకు దశలో చన్నీళ్లతో తుడవడం సరికాదు. గీత పైనే ఉండగా చర్మాన్ని చల్లబరిస్తే వణుకు ఇంకా పెరిగి, రోగి ఇంకా నలిగిపోతాడు. వణికేవారికి పలుచని దుప్పటి ఇవ్వండి, వణుకు ఆగాక తీసేయండి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ ప్రోస్టాగ్లాండిన్ తయారీనే ఆపి గీతను కిందికి దించుతాయి. పిల్లలకు పారాసిటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, డోసుల మధ్య 4 నుంచి 6 గంటల విరామం. అంకె తగ్గించడం కోసం కాదు, పిల్ల బాధ తగ్గించడం కోసం ఇవ్వండి. మూడు నెలల లోపు శిశువుకు 38 వస్తే మాత్రం ఇంట్లో మందు వేసి చూడొద్దు, వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

వడదెబ్బలో గీత 37లోనే ఉంటుంది. చేరే వేడికి తోడేసే దారులు చాలక లోపలి వేడి 40 దాటిపోతుంది. పారాసిటమాల్‌కు అక్కడ దించడానికి గీతే లేదు, పైగా అప్పటికే దెబ్బతింటున్న కాలేయానికి అది అదనపు భారం. గుర్తు పట్టడానికి చర్మాన్ని నమ్మకండి. శ్రమవల్ల వచ్చిన వడదెబ్బలో చర్మం తడిసి ముద్దగా ఉండవచ్చు, చెమట ఆగేదాకా చూస్తే ఆలస్యమైపోతుంది. మెదడు తేడానే అసలు గుర్తు: అయోమయం, చిరాకు, పొంతనలేని మాటలు, తూలడం, స్పృహ తప్పడం. వేడిలో ఉన్న మనిషిలో ఇవి కనిపిస్తే వడదెబ్బ అనుకునే కదలాలి.

చేయాల్సింది ముందు చల్లబరచడం, తర్వాత తరలించడం. సాయానికి కబురు పంపి, మెడ దాకా చన్నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టండి. మంచు ముక్కలు వేసి నీళ్లు కలుపుతూ ఉండాలి, లేకపోతే ఒంటి చుట్టూ వెచ్చని పొర నిలిచిపోతుంది. తల నీళ్లలో మునగకుండా ఒకరు వెనకనుంచి పట్టుకోవాలి. ఇలా నిమిషానికి 0.2 డిగ్రీ దాకా దిగుతుంది, అంటే 41.5 నుంచి 39కి పావుగంట లోపే రావచ్చు. మొదటి 30 నిమిషాల్లో దింపగలిగితే బతికే అవకాశం చాలా ఎక్కువ. చన్నీళ్లకు నాళాలు ముడుచుకుని వేడి లోపలే చిక్కుకుంటుందన్న భయం చాలామందికి ఉంది. అంత వేడెక్కిన ఒంట్లో నాళాలు అలా ముడుచుకోవడం ప్రభావం స్వల్పం, కొలిచి చూసిన పద్ధతులన్నిటిలో ఇదే వేగవంతమైంది. తొట్టి లేకపోతే బట్టలు తీసి, ఒళ్లంతా ఆగకుండా నీళ్లు పోస్తూ గట్టిగా గాలి విసరాలి. మెడ దగ్గర, చంకల్లో ఐసు పెట్టి ఊరుకుంటే సరిపోదు. స్పృహలేనివారికి నోట్లో నీళ్లు పోయకండి. 39 దగ్గరికి రాగానే తొట్టిలోంచి తీసేయాలి, ఆ తర్వాతా వేడి కొంత దిగుతూనే ఉంటుంది.

కొన్ని మందులు ఈ వ్యవస్థకే కన్నం వేస్తాయి. మూత్రం ఎక్కువగా పోయించేవి నీటి నిల్వ తగ్గిస్తాయి, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు చర్మానికి వెళ్లే రక్తాన్ని తగ్గించవచ్చు, కొన్ని అలర్జీ మందులు, మానసిక రోగాల మందులు చెమటను అణుస్తాయి. అలాగని సొంతంగా ఆపేయకూడదు. వేసవికి ముందే వైద్యుడితో మాట్లాడి మోతాదు సరిచూసుకోవాలి. శస్త్రచికిత్సలో పూర్తి మత్తు ఇచ్చినప్పుడు చెమట గీతకూ నాళాలు ముడుచుకునే గీతకూ మధ్య ఉన్న ఆ 0.2 నుంచి 0.4 డిగ్రీ దూరం పదింతలు, అంతకు మించి పెరుగుతుంది. మొదటి గంటలోనే లోపలి వేడి 1 నుంచి 1.5 డిగ్రీ పడిపోతుంది. అదీ గది చల్లగా ఉండటం వల్ల మాత్రమే కాదు, లోపలి వేడి రక్తం కాళ్లూ చేతుల్లోకి పరుచుకోవడం వల్ల. మత్తుకు ముందే అరగంట, గంట ఒంటిని వెచ్చబరిస్తే ఈ పతనం చాలావరకు తప్పుతుంది.

కొలిచే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. అన్నిటికన్నా నమ్మదగినది మలద్వారంలో తీసిన కొలత, నోటికన్నా 0.3 నుంచి 0.5 ఎక్కువ చూపుతుంది. చంకలో నోటికన్నా అర డిగ్రీ తక్కువ, అదీ చంక పొడిగా ఉండి చేయి గట్టిగా నొక్కి పెడితేనే. వేడివో చల్లవో తాగితే నోట్లో కొలవడానికి 15 నుంచి 30 నిమిషాలు ఆగాలి. నుదుటి మీద గురిపెట్టే థర్మామీటరు చూసేది చర్మాన్ని: వణుకు దశలో ఉన్న జ్వరాన్ని, చెమట పట్టిన వడదెబ్బను అది తక్కువ చేసి చూపుతుంది. అందుకే మనిషి తేడాగా ఉండి ఆ అంకె మామూలుగా ఉంటే అంకెను పక్కనపెట్టి మనిషిని చూడండి.